పిండంలో స్టెరాయిడ్ హార్మోన్లు: ఉన్న ఎంజైముల కంటే లేనివి ముందు చదవండి

నీట్ పీజీకి సిద్ధమవుతున్న మిత్రుల కోసం రాస్తున్నాను. పిండంలో స్టెరాయిడ్ హార్మోన్ల తయారీ అనే పాఠాన్ని చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. బయోకెమిస్ట్రీలో కొంత, ఫిజియాలజీలో కొంత, మిగతాది ఆబ్‌స్టెట్రిక్స్‌లో, పీడియాట్రిక్స్‌లో ఉండటంతో ఎవరూ దాన్ని ఒకచోట కూర్చి చదవరు. నా ప్రిపరేషన్‌ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం మాత్రం ఇదే.

కొలెస్ట్రాల్‌తో మొదలై పేజీ నిండా బాణాలు పరుచుకునే చార్టును ముందుగా పక్కన పెట్టాను. తెల్ల కాగితం మీద ప్లసెంటా (మావి), పిండం అడ్రినల్ (మూత్రపిండం మీది గ్రంథి), పిండం కాలేయం అని మూడు గడులు గీసి, మొదటి రెండింటిలో అక్కడ లేని ఎంజైము పేరును ఎర్ర సిరాతో రాశాను. ఆండ్రోజెన్ల (పురుష హార్మోన్ల) తయారీకి కావలసిన 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ ప్లసెంటాలో లేదు. అడ్రినల్‌లో సింహభాగమైన ఫీటల్ జోన్‌లో, ప్రొజెస్టిరాన్ తయారీకి కావలసిన 3-బీటా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ దాదాపు లేదు. పాఠమంతా ఈ రెండు లోటుల నుంచే పుడుతుంది.

ప్లసెంటా తల్లి రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను తీసుకుని ప్రొజెస్టిరాన్ దాకా చేసి ఆగిపోతుంది. ఆండ్రోజెన్ చేసుకోలేదు కాబట్టి సొంతంగా ఈస్ట్రోజెన్ కూడా చేయలేదు. పిండం అడ్రినల్ తీరు ఇందుకు తిరగబడి ఉంటుంది. అది ప్రొజెస్టిరాన్ వైపు పోలేదు గానీ ఆండ్రోజెన్ తరహా ముడిసరుకైన డీహెచ్‌ఈఏ-సల్ఫేట్‌ను విస్తారంగా తయారుచేస్తుంది. పొరుగింటి నుంచి పప్పు తెచ్చుకుని మన ఇంటి పొయ్యి మీద వండుకున్నట్టు, ప్లసెంటా ఆ సరుకు తీసుకుని, సల్ఫటేజ్‌తో సల్ఫేటును తొలగించి, అరోమటేజ్‌తో ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మధ్యలో పిండం కాలేయం 16-ఆల్ఫా హైడ్రాక్సిలేషన్ చేసి పంపిన భాగం ఈస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్ అవుతుంది. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా వైద్య సంస్థలో ఎగాన్ డిట్స్‌ఫలుషి 1960లలో ముందుకు తెచ్చిన ఫీటోప్లసెంటల్ యూనిట్ భావన ఇదే.

ఇంతవరకు అర్థమైతే ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి. గర్భంలో పిండం మరణిస్తే ఈస్ట్రియాల్ పడిపోతుంది, ప్రొజెస్టిరాన్ మాత్రం కొంతకాలం కొనసాగుతుంది. ఎందుకంటే దాని ముడిసరుకు తల్లిది. కొలెస్ట్రాల్‌ను మైటోకాండ్రియాలోకి చేర్చే స్టార్ ప్రొటీన్ లోపించిన పిండం అడ్రినల్, గోనాడ్‌లలో (వృషణాలు, అండాశయాలు) స్టెరాయిడ్లు దాదాపు తయారు కాకపోయినా గర్భం ఎందుకు నిలుస్తుందని అడిగారనుకోండి. ప్లసెంటాకు ఆ ప్రొటీన్‌తో పని లేదు, ప్రొజెస్టిరాన్ ఆగదు. ఈ ఒక్క జవాబులోనే పాఠం సగం ఉందని నా అభిప్రాయం.

ఆడపిండంలో బాహ్య జననాంగాలు పురుష లక్షణాలతో ఏర్పడిన కేసు ఇస్తే, ముందు తల్లి సంగతి చదవండి. కార్టిసాల్ తయారీకి కావలసిన 21-హైడ్రాక్సిలేజ్ లోపిస్తే పిండంలో ఆండ్రోజెన్లు పెరుగుతాయి గానీ, వాటిని ప్లసెంటాలోని అరోమటేజ్ ఈస్ట్రోజెన్లుగా మార్చేస్తుంది, తల్లికి ఏమీ కాదు. గర్భధారణలో తల్లికీ గొంతు బొంగురుపోయి, ముఖంపై వెంట్రుకలు పెరిగి, కాన్పు తర్వాత తగ్గాయంటే అరోమటేజ్ లోపం గుర్తుకు రావాలి. అరోమటేజ్ వంటి ఎంజైములకు ఎలక్ట్రాన్లు అందించే పీ450 ఆక్సిడోరిడక్టేజ్ లోపంలోనూ ఇలా జరగవచ్చు.

మగపిండంలో సుమారు 8వ వారం నుంచి వృషణాల్లోని లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ చేస్తాయి. జననాంగం రూపుదిద్దుకునే తొలి దశలో వాటిని నడిపేది ప్లసెంటా హార్మోన్ హెచ్‌సీజీ, పిండం పిట్యూటరీ హార్మోన్ ఎల్‌హెచ్ వంతు తర్వాత, అది పెరిగే దశలో వస్తుంది. అందుకే పుట్టుకతో గొనాడోట్రోపిన్లు (ఎల్‌హెచ్ వంటి పిట్యూటరీ హార్మోన్లు) లేని మగబిడ్డకు పురుషాంగం చిన్నదిగా ఉంటుంది గానీ, కేవలం ఆ కారణంగా హైపోస్పేడియాస్ (మూత్రద్వారం పురుషాంగం కిందివైపు తెరుచుకోవడం) రాదు.

కార్టిసాల్ దగ్గర మాత్రం తొందరపడకండి. హౌస్ సర్జన్సీలో నెలలు నిండకుండా నొప్పులతో వచ్చిన గర్భిణికి, పిండం ఊపిరితిత్తులు త్వరగా పక్వం కావడానికి, డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి నాలుగు డోసులు కండరానికి ఇవ్వడం మీరూ చూసే ఉంటారు. కేస్ షీటులో ఆ నాలుగు సమయాలు రాస్తున్నప్పుడు ప్రెడ్నిసలోన్ ఎందుకు కాదని ఆలోచించండి. ప్లసెంటాలోని 11-బీటా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ టైప్ 2 తల్లి కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చి పిండాన్ని కాపాడుతుంది. ప్రెడ్నిసలోన్‌కూ అదే గతి పడుతుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ చాలావరకు ఈ కాపలాను దాటి పిండం ఊపిరితిత్తులకు చేరతాయి. 1972లో లిగ్గిన్స్, హోవీ న్యూజిలాండ్‌లో బీటామెథసోన్‌తో చేసిన పరిశోధన ఈ చికిత్సకు పునాది వేసింది.

రివిజన్‌లో ఈస్ట్రియాల్ తగ్గే కారణాలన్నిటినీ ఆ మూడు గడుల కాగితం మీదే గుర్తించాను. అనెన్‌సెఫలీలో (మెదడు సరిగా ఏర్పడని లోపం) అడ్రినల్‌ను నడిపే పిట్యూటరీ హార్మోన్ ఏసీటీహెచ్ లేక అడ్రినల్ చిన్నదైపోతుంది. ఎక్స్-లింక్డ్ ఇక్తియోసిస్‌లో (చర్మం పొలుసుబారే జన్యువ్యాధి) ప్లసెంటా సల్ఫటేజ్ ఉండదు. తల్లికి డెక్సామెథసోన్ ఇచ్చినా ఈస్ట్రియాల్ తగ్గుతుంది. కాపలా దాటిన ఆ మందు పిండం పిట్యూటరీని అణచివేసి, అడ్రినల్ నుంచి వచ్చే డీహెచ్‌ఈఏ-సల్ఫేట్‌ను తగ్గించేస్తుంది.