అక్క ఫైల్లో నాలుగేళ్ళు పడున్న కాగితం

అక్కని అడిగే ఇది రాస్తున్నా, రాయవే, ఎవరికైనా పనికొస్తుంది అంది.

మా అక్కకి మూడుసార్లు అబార్షన్ అయింది. రెండు మూడో నెల లోపే, మూడోది మాత్రం అయిదో నెల దాటాక, అప్పటికే స్కానింగ్‌లో బిడ్డ కదలడం అందరం చూశాం. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాం, మోపిదేవి వెళ్ళాం, తప్పనను, ఆ రోజుల్లో అక్కకి కాస్త నిద్ర పట్టింది అంటే అక్కడే. కానీ ఇంట్లో చుట్టాల మాటలు మాత్రం... బరువులెత్తావా, బొప్పాయి తిన్నావా, ఇదే గోల.

అసలు సంగతి మొదటి కడుపప్పుడే ఒక కాగితంలో ఉంది. గర్భిణీలకి మామూలుగా చేసే రక్తపరీక్షల్లో వీడీఆర్ఎల్ అని ఒకటుంటుంది కదా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసేది, అది పాజిటివ్ వచ్చింది. బావగారు అక్కా వారం రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. తర్వాత సిఫిలిస్‌ని ఖాయం చేసుకునే టీపీహెచ్ఏ అనే టెస్టు చేయిస్తే నెగటివ్, ఇద్దరికీ ఏమీ లేదు, "ఫాల్స్ పాజిటివ్ అమ్మా, వదిలేయండి" అన్నారు అప్పటి డాక్టర్, మేమూ హమ్మయ్య అనుకుని వదిలేశాం.

ఆ టెస్టులో వాడేది కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం. సిఫిలిస్ లేకపోయినా, మన ఒంట్లోనే దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతుంటే టెస్టు పాజిటివ్ చూపించొచ్చు. మూడోసారి పోయాక వేరే ఊళ్ళో చూపిస్తే ఆ డాక్టరమ్మ పాత ఫైలంతా తిరగేసి ఆ కాగితం దగ్గర ఆగారు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనుమానం అన్నారు. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టర్ దీని గురించి వివరంగా రాశారట.

ఇందులో మన రోగనిరోధక శక్తే మన కణాల మీద పడుతుంది. మాయలో (ప్లాసెంటాలో) రక్తం గడ్డలు కట్టిస్తుంది, గడ్డ కట్టకపోయినా మాయ కణాలనే దెబ్బతీస్తుంది, దాంతో బిడ్డకి రక్తం సరిగా అందదు. కొందరికి గర్భం పోతుంది, కొందరికి బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వస్తుంది, కొందరికి బిడ్డ ఎదగదు. అక్క రిపోర్టులో "లూపస్ యాంటీకోయాగ్యులెంట్" అని చూసి "నాకు లూపస్ ఉందా" అని ఏడ్చేసింది, లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే పడే ఇంకో జబ్బు, అది లేనివాళ్ళకీ ఇది వస్తుందట. పేరు కూడా తికమకే, ల్యాబ్ ట్యూబులో రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుందని అలా పెట్టారు, ఒంట్లో మాత్రం దానికి రివర్స్.

ఒక్కసారి పాజిటివ్ వస్తే సరిపోదు, ఏదైనా ఇన్ఫెక్షన్‌కి కూడా కొన్నాళ్ళు అలా రావొచ్చు కాబట్టి కనీసం 12 వారాలు ఆగి మళ్ళీ చేశారు. మళ్ళీ పాజిటివే. ఆ మూడు నెలలు గడవడం చాలా కష్టమైంది.

నాలుగోసారి చిన్న డోసు ఆస్పిరిన్, రోజూ పొట్ట మీద రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్. హెపారిన్ మాయ దాటి బిడ్డకి వెళ్ళదు అని చెప్పాకే అక్క ఒప్పుకుంది. బావగారే పొడిచేవారు, పొట్టంతా నీలం మచ్చలు, రెండొందలు దాటాయి ఇంజెక్షన్లు. ఇది అందరికీ సరిపడే మందు కాదు, డాక్టర్ చెప్పకుండా ఎవరూ మొదలుపెట్టకండి ప్లీజ్. కానీ మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వరసగా పోతుంటే ఈ టెస్టులు చేయించాలా అని మాత్రం అడగండి, పాత ఫైళ్ళన్నీ తీసుకెళ్ళండి.

పాప పుట్టింది. కాన్పు తర్వాత గడ్డల భయం ఎక్కువని ఇంకో ఆరు వారాలు ఇంజెక్షన్ ఆపొద్దన్నారు, పాపని ఒళ్ళో పెట్టుకునే వేయించుకునేది అక్క.