ఆ కారు నేనెక్కను

ఒంటిమిట్టకు బయల్దేరుతుంటే మా అమ్మాయి వాకిట్లోనే ఆగిపోయింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది, చెప్పులు వేసుకుంది, కారు దగ్గరికి మాత్రం రాదు. "నేను ఆ కారెక్కను" అంది. "ఏమ్మే, కళ్లు తిరుగుతాండాయా?" అంటూ మా అక్క మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. బావ తాళంచెవి పట్టుకుని నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నాకు ఆ ఒక్క మాటతోనే అర్థమైపోయింది.

ఆ కారుకి కుడివైపు లైటు అద్దం ఏళ్ల ఎండకి పసుపు తిరిగి మసకబారింది. ఎడమవైపుది కొత్తది, నీళ్లలా తేటగా ఉంది. దాని పక్కన బంపరు రంగు కూడా మిగతా కారు రంగుతో సరిగ్గా కలవలేదు, ఒక పాలు తెల్లగా కొడుతోంది. ప్రొద్దుటూరులో దిగిన రెండో రోజే మా అమ్మాయి ఈ తేడా చూసిందట. ఎందుకలా ఉందని అంట్లు తోమడానికొచ్చే అమ్మాయిని అడిగిందట. ఆమె చెప్పేసింది. మా అమ్మాయికి సగం కథ ముందే తెలుసని ఆమెకు తెలియదు.

పోయిన డిసెంబరులో మా అక్క కూతురి పెళ్లి. నాకు సెలవు దొరకలేదు. అక్క కొడుకు ఇంగ్లండులోని లెస్టర్ నుంచి వెళ్లాడు. అప్పగింతలైన మర్నాటి రాత్రి చుట్టాలను దింపి మైదుకూరు రోడ్డులో ఒక్కడే కారు తోలుకుని వస్తుంటే, ముందు టీవీఎస్ మీద పాల క్యాన్లు కట్టుకుని పోతున్న ఒకాయనకి గుద్దేశాడు. ఆగలేదు. ఇంటికొచ్చి మొదట ఫోన్ చేసింది నాకే. మాకప్పుడు సాయంత్రం ఆరు. "చిన్నమ్మా, రోడ్డంతా పాలు చిన్నమ్మా" అని అదే మాట నాలుగైదుసార్లు అన్నాడు.

ఆయనకెలా ఉందని నేను అడగలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. నేనడిగింది "ఎవరైనా చూశారా?" అని. తర్వాత "నీ టికెట్ ఎప్పటికి?" అని. బెంగళూరు నుంచి వాడి ఫ్లైట్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి దాన్ని మర్నాటి రాత్రికి మార్చాను. తేడా డబ్బులు నా కార్డుతోనే కట్టాను. అదే టేబుల్‌కి ఆ చివర మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. తలెత్తలేదు. దానికి తెలుగు సగమే అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఆయన మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. కారు తోలింది బావ దగ్గర పనిచేసే డ్రైవరని స్టేషన్‌లో రాయించారు. డ్రైవరుకి ఏం ముట్టజెప్పారో నేను అడగలేదు. పోయినాయన భార్య కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉంది. మా కడప వైపు ఎన్ని ఊళ్లలో ఎన్ని ఇళ్లు అలా కువైట్ మీద నిలబడ్డాయో అక్కడి వాళ్లందరికీ తెలుసు. పాస్‌పోర్టు యజమాని దగ్గరుండడంతో ఆమె సమయానికి బయల్దేరలేకపోయింది. భర్త ముఖం చూడలేదు. పెద్దదినం అయిపోయాక వచ్చింది. ఇంకో దేశంలో కూర్చుని మావాడిని ఒక్క రోజులో విమానం ఎక్కించింది నేను. ఆమె సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత, పదిహేనేళ్ల నా కూతురి నోటి నుంచి తెలిసింది.

ఆ వాకిట్లో మా అమ్మాయి నన్ను ఒక్కటే అడిగింది. "హ్యారీ డన్ చనిపోయినప్పుడు నువ్వేమన్నావమ్మా?"

మేముండేది కూడా ఇంగ్లండులోనే, నార్తాంప్టన్‌లో. ఆ పిల్లాడు చనిపోయిన చోటు మాకు ముప్పావు గంట దూరం. 2019 ఆగస్టు 27న క్రౌటన్ ఎయిర్‌బేస్ బయట రాంగ్ సైడ్‌లో వచ్చిన కారు అతని బైకుని గుద్దింది. పంతొమ్మిదేళ్లు. కారు తోలిన ఆన్ సకూలస్ అమెరికన్, ఆమె భర్త ఆ బేస్‌లో పనిచేసేవాడు. దౌత్య రక్షణ ఉందంటూ మూడు వారాలు తిరక్కుండానే ఆమె దేశం దాటిపోయింది. అప్పగించమని బ్రిటన్ అడిగితే 2020 జనవరిలో అమెరికా కుదరదంది. టీవీలో హ్యారీ తల్లి మాట్లాడుతుంటే నేను స్టవ్ ఆపేసి నిలబడి విన్నాను, కళ్లు తుడుచుకున్నాను. మా అమ్మాయికప్పుడు తొమ్మిదేళ్లు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే, "తప్పు చేసినవాళ్లు ఏ దేశంలో దాక్కున్నా వెనక్కి రావాలి, వచ్చి ఆ తల్లి ముందు నిలబడాలి" అని చెప్పాను. 2022 డిసెంబరులో లండన్ కోర్టు సకూలస్‌కి ఎనిమిది నెలల శిక్ష వేసి, అమలు చేయకుండా నిలిపి ఉంచింది. ఆ రోజు కూడా ఆమె రాలేదు, వీడియోలోనే కనిపించింది. స్క్రీన్‌లో కనిపిస్తే సరిపోతుందా అని మా అమ్మాయి అడిగింది. సరిపోదని నేనే చెప్పాను.

నా మాటలన్నీ దానికి గుర్తున్నాయి. వాకిట్లో ఒక్కొక్కటీ తిరిగి నాకే చెప్పింది.

మేమిద్దరం బస్సులో పోయాం. ప్రొద్దుటూరు నుంచి కడప, కడపలో రాజంపేట బస్సు. మా అక్క మనసు నొచ్చుకుంది. "పిల్ల మాటకి నువ్వు కూడానా" అంది.

డిసెంబరులో మావాడు లెస్టర్ చేరాక నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. వాడిని ఇండియాకి అప్పగించమంటారేమోనని టెన్షన్. అందరూ పడుకున్నాక ఫోన్‌లో చట్టాలు చదివేదాన్ని. వాడు తప్పించుకునే సందు ఎక్కడుందో వెతకడానికే చదివాను. భారత్, బ్రిటన్ల మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందం 1992 సెప్టెంబరు నాటిది. రెండు దేశాల్లోనూ కనీసం ఏడాది జైలు పడగల నేరమైతే మనిషిని అడగొచ్చు. నిర్లక్ష్యంగా ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. అజాగ్రత్తగా తోలి చంపితే బ్రిటన్‌లోనూ ఐదేళ్ల దాకా ఉంది. అంటే మావాడు చేసింది ఆ లెక్కలోకి వస్తుంది.

అప్పుడు పాస్‌పోర్టు మీద ఆశ పెట్టుకున్నాను. వాడు బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు చేసి ఉన్నాడు. పౌరుడైతే పంపరేమో అనుకున్నాను. జర్మనీ, ఫ్రాన్స్ తమ పౌరులను ఇండియా లాంటి దేశాలకు అప్పగించవు. బ్రిటన్‌కి ఆ పట్టింపు లేదు. క్రికెట్ ఫిక్సింగ్ కేసులో సంజీవ్ చావ్లాకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా 2020 ఫిబ్రవరిలో ఢిల్లీకి పంపేసింది, అదీ తిహార్ జైల్లో అతన్ని ఎలా ఉంచుతారో మన ప్రభుత్వం హామీ రాసిచ్చాకే. నీరవ్ మోదీ కేసులో ముంబై ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ ఎలా ఉంటుందో లండన్ కోర్టులో ఏళ్ల తరబడి వాదనలు. విజయ్ మాల్యాను పంపొచ్చని కోర్టు 2018 డిసెంబరులోనే చెప్పింది, ఆయన అక్కడే ఉన్నాడు.

మావాడి విషయంలో అయితే ప్రొద్దుటూరు నుంచి ఒక కాగితం కదలాలి. అది ఢిల్లీలో విదేశాంగ శాఖ దాటి, బ్రిటన్ హోంశాఖ దాటి, వెస్ట్‌మినిస్టర్ మేజిస్ట్రేట్ కోర్టుకి చేరాలి. సాక్ష్యాలూ చూపాలి. పాలు పోసుకుని బతికే మనిషి కోసం అంత దూరం కాగితం కదిపేవాళ్లెవరు? పైగా కేసులో ఉన్నది డ్రైవరు పేరు. అసలు అడిగేవాళ్లే లేరు. ఈ సంగతి అర్థమైన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

బస్సులో మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. గ్యారీ మెక్‌కినన్ కథ చెప్పాను. లండన్‌లో తన గదిలో కూర్చుని అమెరికా సైన్యం, నాసా కంప్యూటర్లలోకి చొరబడ్డాడని అతని మీద ఆరోపణ. ఆస్పర్జర్స్ (ఒక రకం ఆటిజం) ఉన్న మనిషి. అమెరికాకి పంపితే ప్రాణం తీసుకుంటాడని తల్లి జానిస్ షార్ప్ ఏళ్లపాటు కొట్లాడింది. 2012 అక్టోబరులో అప్పటి హోంమంత్రి థెరెసా మే అప్పగింత ఆపేసింది. బ్రిటన్‌లో 2003 అప్పగింత చట్టం వచ్చాక, ఇండియా అడిగితే ప్రాథమిక సాక్ష్యం చూపాలి, అమెరికా అడిగితే అదీ అక్కర్లేదు. అదెంత అన్యాయం! మనుషుల్ని సరుకులా ఓడెక్కించి పంపడం ఎప్పుడూ న్యాయం కాదమ్మా అన్నాను. అది మనస్ఫూర్తిగానే అన్నాను. ఇప్పటికీ అంటాను. పరాయి దేశం జైల్లో, తెలియని భాషలో, నీవాళ్లెవరూ లేకుండా విచారణ కోసం ఏళ్లు గడపడం తీర్పుకి ముందే శిక్ష వేయడమే. మన దేశం జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. కువైట్‌లో కేసుల్లో ఇరుక్కున్న మా జిల్లావాళ్ల కథలు వింటూ పెరిగినదాన్ని, నాకా భయం కొత్తది కాదు.

మా అమ్మాయి అంతా విని, "ఆయన ఆ పని ఎక్కడ కూర్చుని చేశాడు?" అంది.

లండన్‌లో.

"అందుకే కదా అక్కడే విచారించమన్నారు?"

అవును. అలాంటి కేసుల తర్వాతే 2013లో చట్టం మార్చారు. నేరంలో చెప్పుకోదగ్గ భాగం బ్రిటన్‌లోనే జరిగి ఉంటే, పంపడం న్యాయం కాదని జడ్జి ఆపొచ్చు. ఆ మాటా నేనే చెప్పాను.

"మరి మైదుకూరు రోడ్డు ఎక్కడుందమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఇంకో మాట అడిగింది. "నేనైతే? నేనే గుద్ది ఉంటే, నన్నూ అలాగే ఫ్లైట్ ఎక్కించేదానివా?"

ఆలోచించకుండా "ఎక్కించేదాన్ని" అన్నాను. తల్లి ఎలాగైనా కాపాడుతుందని వింటే పిల్లకి ధైర్యంగా ఉంటుందనుకున్నాను. అది ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఒంటిమిట్ట గోపురం కనిపించేదాకా మళ్లీ మాట్లాడలేదు.

మన పిల్లలకి అక్కడి చట్టమంటే గౌరవం, ఇక్కడి బంధాలంటే ప్రేమ రెండూ నేర్పాలని నేను చాలామంది తల్లులకి సలహా చెప్పాను. రెండూ కలిసే నడుస్తాయని నమ్మాను. ఆ రాత్రి రెండూ ఎదురుపడితే ఒక్క నిమిషంలో ఏది ఎంచుకున్నానో మా అమ్మాయి టేబుల్ అవతలి నుంచి విన్నది. ఇప్పుడు దానికి నేను ఏ సలహా చెప్పినా నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒంటిమిట్ట నుంచి వచ్చాక తెలిసిన లాయరుతో మాట్లాడాను. 106లో మావాడికి పడే భాగం బెయిలు వచ్చే కేసేనట. "ఆగి, ఆయన్ని ఆసుపత్రికి చేర్చి, స్టేషన్‌కి పోయి నేనే తోలానని చెప్పి ఉంటే, పూచీ మీద ఇంటికి పంపేసేవాళ్లమ్మా" అన్నాడు. గాయపడ్డవాళ్లని ఆసుపత్రికి చేర్చాలని, పోలీసులకి చెప్పాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. వెంటనే ఆపి ఉంటే ఆయన బతికేవాడేమో కూడా. మేం భయపడింది జైలుకని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగా భయపడింది పౌరసత్వం కాగితానికి. కేసుంటే మంచి నడవడి ఉన్నవాడని రాయరు, దరఖాస్తు ఆగిపోతుంది. ఏప్రిల్‌లో వాడు ప్రమాణం చేసి బ్రిటిష్ పౌరుడయ్యాడు. ఫొటో తీసింది నేనే. అక్కకి పంపితే అక్క ఊరంతా పంపింది. ఆ ఫొటోలో వాడు నవ్వట్లేదని నేను గమనించింది మొన్ననే.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. కువైట్ నుంచి వచ్చినామె సంగతి వాడికీ తెలియదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నన్ను రమ్మంటావా చిన్నమ్మా?" అన్నాడు. అడిగిన గొంతు చూస్తే, రమ్మంటే వచ్చేలాగే ఉన్నాడు. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు. లోపల వంటింట్లో మా అక్క మాకోసం కారం పొడి ప్యాక్ చేస్తోంది. "పడుకో నాయనా, రేపు మాట్లాడదాం" అని పెట్టేశాను.

మర్నాడు బెంగళూరు బస్సుకి మా సూట్‌కేసులు ఆటోలో వేసుకుని తెచ్చింది ఆ డ్రైవరే. డిక్కీలో సర్దుతుంటే మా అమ్మాయి ఆయన పక్కన నిలబడి, "అంకుల్, మీ కోర్టు ఎప్పుడు?" అని అడిగింది. ఆయన ఒకసారి నా ముఖం చూసి, మళ్లీ సూట్‌కేసు వైపు తిరిగాడు. "వచ్చే నెల పద్దెనిమిదిన వాయిదా ఉంది పాపా" అన్నాడు.

సీట్లో కూర్చోగానే మా అమ్మాయి ఆ తేదీని తన ఫోన్‌లో పెట్టుకుంది. నా ఫోన్ కూడా తీసుకుని దాంట్లోనూ పెట్టింది. నేను వద్దనలేదు.