మూర్ఛ అధ్యాయం: మందుల పట్టిక కంటే ముందు థాలమస్

నీట్ పీజీకి (వైద్య పీజీ ప్రవేశ పరీక్షకు) చదువుతున్న మిత్రులు చాలామంది మూర్ఛ అధ్యాయాన్ని మందుల పట్టికతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తున్నారు. వరంగల్‌లో ఎంబీబీఎస్ పూర్తయ్యాక హనుమకొండలో గది తీసుకుని చదువుకున్న రోజుల్లో నేను ఆ పట్టికను పక్కన పెట్టి, మెదడు లోతుల్లో ఉండే థాలమస్ దగ్గర మొదలుపెట్టాను. థాలమస్‌కూ కార్టెక్స్‌కూ (మెదడు పైపొరకూ) మధ్య సంకేతాలు తిరిగే ఆ ఒక్క వలయం అర్థమైతే పట్టికలో చాలా భాగం బట్టీ పట్టకుండానే గుర్తుంటుందన్నది నా అనుభవం.

కొన్ని సెకన్లపాటు స్పృహ తప్పి చూపు నిలిచిపోయే ఆబ్సెన్స్ మూర్ఛనే తీసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా పిల్లల ఓపీకి వచ్చిన ఒక తల్లి, "రాసుకుంట రాసుకుంటనే ఆగిపోతది సార్, పిలిస్తే పలుకది, మళ్ల తనే రాసుకుంటది" అని చెప్పింది. పాపతో లోతుగా, వేగంగా ఊపిరి తీయిస్తుంటే మా ముందే చూపు నిలిచిపోయింది, కనురెప్పలు కొట్టుకున్నాయి, కొన్ని సెకన్లకు ఏమీ జరగనట్టే మళ్లీ ఊపిరి తీయసాగింది. ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో) సెకనుకు 3 చొప్పున స్పైక్ వేవ్‌లు, అంటే సూదిమొన లాంటి తరంగం వెంటే ఒక నెమ్మది తరంగం, కనిపించాయి. ప్రశ్నపత్రంలో కేసుగా ఇచ్చేదీ సరిగ్గా ఇదే.

ఆ లయకు మూలం ఇలా ఉంటుంది: థాలమస్‌ను కప్పి ఉండే రెటిక్యులర్ న్యూక్లియస్ అనే కణాల పొర గాబాను (కణాలను నిరోధించే రసాయనాన్ని) విడుదల చేసి, కార్టెక్స్‌కు సంకేతాలు చేరవేసే రిలే కణాలను హైపర్‌పోలరైజ్ చేస్తుంది, అంటే వాటి లోపలి వోల్టేజీని మరింత రుణాత్మకం చేస్తుంది; దానితో అంతవరకు నిద్రాణంగా ఉన్న టీ రకపు కాల్షియం చానళ్లు (కణంలోకి కాల్షియంను వదిలే ద్వారాలు) సిద్ధమై, నిరోధం తగ్గగానే తెరుచుకుంటాయి; కణం ఒక్కసారిగా కార్టెక్స్‌కు సంకేతాల గుంపును పంపుతుంది; కార్టెక్స్ నుంచి తిరిగొచ్చే సంకేతాలు రెటిక్యులర్ న్యూక్లియస్‌ను మళ్లీ రేపుతాయి. ఆబ్సెన్స్‌కు వాడే ఎథోసక్సిమైడ్ అనే మందు అడ్డుకునేది ఆ చానళ్లనే. గాబాను పెంచే విగాబాట్రిన్, టయాగాబిన్ అనే మూర్ఛ మందులు ఆబ్సెన్స్‌ను ఎందుకు ఎక్కువ చేస్తాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. మరో మూర్ఛ మందు కార్బమజెపిన్ సైతం దాన్ని ఎక్కువ చేస్తుందన్న విషయాన్ని మాత్రం విడిగా గుర్తుంచుకోవాలి.

అయితే ఇలాంటి మూర్ఛలన్నీ థాలమస్‌లోనే పుడతాయని చెప్పే ఆప్షన్‌ను తొందరపడి ఎంచుకోకండి. మెదడు మధ్యభాగమే మూలమని మూర్ఛపై పరిశోధించిన పెన్‌ఫీల్డ్, జాస్పర్ ప్రతిపాదించారు గానీ, పుట్టుకతోనే ఆబ్సెన్స్ లక్షణం ఉన్న ఎలుకలపై 2002లో వెలువడిన అధ్యయనంలో మూర్ఛ మొదట సొమాటోసెన్సరీ కార్టెక్స్‌లో (స్పర్శను గ్రహించే భాగంలో) మొదలై, ఆ తర్వాతే థాలమస్‌తో కలిసి సాగుతున్నట్టు తేలింది.

టెంపొరల్ లోబ్ (మెదడు పక్కభాగం) మూర్ఛకు కారణాల్లో హిప్పోక్యాంపల్ స్క్లెరోసిస్, అంటే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కణాలు నశించి గట్టిపడటం, ముఖ్యం. హిప్పోక్యాంపస్‌ను థాలమస్‌తో, కార్టెక్స్‌తో కలిపే పేపెజ్ వలయాన్ని చేత్తో గీసి చూసుకోండి. అందులో థాలమస్ ముందరి న్యూక్లియస్ ఉన్నందువల్లే, మందులకు లొంగని ఫోకల్ (మెదడులో ఒకచోట మొదలయ్యే) మూర్ఛలలో అక్కడ ఎలక్ట్రోడ్ అమర్చే చికిత్సను ప్రయత్నించారు. దాని ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. ఇక కారణం లేకుండా తెరలు తెరలుగా నవ్వే పిల్లవాడి కేసు ఇస్తే, థాలమస్ కింద ఉండే హైపోథాలమస్‌లో హమార్టోమా (క్యాన్సర్ కాని పుట్టుకతో వచ్చే గడ్డ) కోసం ఎంఆర్ఐ చూడాలి.