కుదుళ్ల జోలికి పోని రంగు: నా బాలయాజ్ అనుభవం

తల వెంట్రుకలు నెలకు దాదాపు 1.25 సెంటీమీటర్లు పెరుగుతాయి కాబట్టి, జుట్టు మొత్తానికి గోధుమరంగు వేయించుకున్న రోజుల్లో రెండో నెల దాటకముందే పాపిడి వెంట నల్లటి చార తేలి, మళ్లీ సెలూన్‌కు పరుగెత్తవలసి వచ్చేది. బాలయాజ్ వైపు నన్ను మళ్లించింది ఆ చారే. పారిస్ సెలూన్లలో 1970లలో స్థిరపడిన ఈ పద్ధతిలో, ఎంచుకున్న పాయల పై పొర మీద బ్రష్‌తో బ్లీచ్ పూస్తారు. కుదుళ్లను వదిలేసి, మధ్యలో పలుచగా, కొసలకు పోయేకొద్దీ చిక్కగా పూయడం వల్ల నలుపు ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపించదు.

బంజారాహిల్స్‌లోని సెలూన్‌లో కలరిస్ట్ మొట్టమొదట అడిగింది గోరింటాకు గురించి. హెన్నా పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయని, అవి బ్లీచ్‌లోని పెరాక్సైడ్‌తో కలిస్తే వెంట్రుక వేడెక్కి తెగిపోయే ప్రమాదముందని, ఇండిగో (నీలి ఆకు పొడి) పెట్టిన జుట్టయితే ఆకుపచ్చగా తిరగవచ్చని ఆమె వివరించారు. మెడ వెనుక నుంచి సన్నని పాయ కత్తిరించి బ్లీచ్‌తో పరీక్షించి, చెవి వెనుక టోనర్ (బ్లీచ్ తరువాత వన్నెను సరిదిద్దే రంగు) చుక్క రాసి 48 గంటలు దురద, మంట లేవని తేలాకే అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఈ రెండు పరీక్షలూ చేయని చోట నేనైతే కూర్చోను.

నేను చూపించిన బూడిదవన్నె ఫోటోను ఆమె నిర్మొహమాటంగా పక్కన పెట్టారు. నల్లటి జుట్టును బ్లీచ్ చేసినప్పుడు అది ముందు ఎరుపుకు, తరువాత నారింజకు, ఆ పైన పసుపుకు తిరుగుతుంది. గాలికి ఆరుతూ పనిచేసే బాలయాజ్‌లో, పాయలను ఫాయిల్‌లో చుట్టినప్పుడు ఉండే వేడి, తడి ఉండవు కాబట్టి బూడిదవన్నెకు కావలసిన లేత పసుపు దాకా రంగు పోదు. పోవాలంటే మళ్లీ మళ్లీ బ్లీచ్ చేసి కొసలను గడ్డి చేసుకోవాలి. నారింజ దగ్గరే ఆగి, దానిని నీలి టోనర్‌తో కాస్త అణచితే కారమెల్ వన్నె వస్తుందని ఆమె అన్నారు, నేను సరేనన్నాను. 20 వాల్యూమ్, అంటే 6 శాతం పెరాక్సైడ్ ఉన్న డెవలపర్ ద్రవం కలిపిన బ్లీచ్‌ను ఒక్కో పాయకు పూస్తూ, పాయకూ పాయకూ మధ్య దూది పెట్టారు. అదంతా అయ్యేసరికి ఒక పూట గడిచింది. బిల్లు జుట్టు పొడవును బట్టి ఉంటుంది. టోనర్ ధర అందులో కలిసి ఉందో లేదో ముందే అడగడం మంచిది.

జడ వేసుకున్నప్పుడు కారమెల్ పాయలు మెలికల్లో అక్కడక్కడ తొంగిచూడడం నాకు ఎంతో నచ్చింది. అమ్మ మాత్రం, "ఎండకు జుట్టంతా ఎర్రబడిందేమిటే, నూనె రాయట్లేదా?" అని అడిగింది.

కుదుళ్ల బెంగ తీరినా, ఇంట్లో నీళ్ల బెంగ మొదలైంది. నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్‌కు మంజీరా నీళ్లు చాలని రోజుల్లో బోరు నీళ్లే గతి. వాటిలోని ఖనిజాలు వెంట్రుకలకు పట్టేసి, వన్నె మొద్దుబారి ఇత్తడి రంగులోకి దిగుతుంది. అందుకే చివరి కడుగుకు ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకుంటాను, సల్ఫేట్ లేని షాంపూ వాడతాను, వారానికొకసారి నీలి షాంపూ పట్టిస్తాను. దుకాణంలో అడిగితే తరచుగా ఊదా షాంపూ చేతిలో పెడతారు. అది పసుపుకు విరుగుడు గానీ నారింజకు కాదు. తలంటుకు ముందు కొబ్బరినూనె ఎప్పటిలాగే రాస్తున్నాను, స్కూటీ మీద వెళ్లేటప్పుడు చున్నీ చుట్టుకుంటున్నాను. నాలుగు నెలలు దాటినా మళ్లీ బ్లీచ్ అవసరం రాలేదు, టోనర్ మాత్రం వేయించుకున్నాను.

నా జుట్టు చూసి పిన్ని కూడా ముచ్చటపడింది కానీ, ఆమెకు పాపిడి దగ్గరే నెరుపు ఎక్కువ. కుదుళ్లను తాకని ఈ పద్ధతి ఆ నెరుపును కప్పదని కలరిస్ట్ స్పష్టంగా చెప్పడంతో, ఆమె తన పాత హెయిర్ డైనే కొనసాగిస్తోంది.