డీజిల్ ట్యాంకుకు గాలి ఆడకపోతే

బత్తాయి లోడుతో నల్లగొండలో బయలుదేరిన పికప్ నార్కట్‌పల్లి దాకా బాగానే వచ్చి, హైదరాబాద్ రోడ్డెక్కి వేగం అందుకున్న కాసేపటికి లాగడం మానేస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ అందుకోదు, మిస్సింగ్ కొడుతుంది, చివరికి ఆగిపోతుంది. పక్కకు తీసి, చాయ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. ఈ లక్షణాలు వినగానే షెడ్లలో ముందుగా వినిపించే మాట డీజిల్ ఫిల్టర్, ఆ తరువాత ట్యాంకు నుంచి డీజిల్ గుంజే ఫీడ్ పంపు, అక్కడా తేలకపోతే ఆ డీజిల్‌ను అధిక ఒత్తిడితో ఇంజెక్టర్ల వైపు నెట్టే, అన్నిటికన్నా ఖరీదైన హై ప్రెజర్ పంపు. ట్యాంకుకు గాలి ఆడుతోందా లేదా అని ముందుగా చూసేవారు తక్కువ. నా పికప్‌కు ఈ జబ్బు వచ్చినప్పుడు మెకానిక్‌తో కలిసి ఒక్కొక్కటీ పరీక్షించి చూసిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చాలా పరీక్షలకు పైసా ఖర్చు లేదు.

నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిస్తే నూనె గుటగుటమంటూ ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పొడిస్తేనే ధార నిలకడగా వస్తుంది. డీజిల్ ట్యాంకు కూడా అంతే. ఇంజన్ లాగిన డీజిల్‌లో రిటర్న్ పైపు ద్వారా తిరిగి వచ్చేది పోను, కాలిపోయిన ప్రతి లీటరు స్థానంలో ఒక లీటరు గాలి లోపలికి రావాలి. ఆ గాలి కొన్ని బండ్లలో మూతలోని చిన్న వాల్వు గుండా, కొన్నింటిలో ట్యాంకు పైభాగం నుంచి వచ్చే సన్నని బ్రీదర్ పైపు గుండా చేరుతుంది. ఆ దారి మూసుకుపోతే ట్యాంకులో పీడనం పడిపోతుంది, పంపు ఎంత గుంజినా డీజిల్ సరిపడా రాదు.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఈ తిప్పలు ఎక్కువ కావడం చాలామందిని తికమకపెడుతుంది కానీ, లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. డీజిల్ మీద 5 లీటర్ల గాలి మాత్రమే ఉన్న ట్యాంకు నుంచి, బయటి గాలి రాకుండా ఒక లీటరు డీజిల్ తీస్తే, అదే గాలి 6 లీటర్ల చోటులో పరుచుకోవాలి కాబట్టి పీడనం ఆరో వంతు తగ్గుతుంది. సగం ఖాళీ అయిన ట్యాంకులో 40 లీటర్ల గాలి ఉందనుకుంటే, అదే లీటరుకు పీడనం నలభయ్యో వంతు కూడా తగ్గదు. ట్యాంకు గోడలు కొంత లోపలికి వంగి ఈ తేడాను తగ్గిస్తాయి, దారి పూర్తిగా మూసుకోనప్పుడు కొద్దిగా గాలి చేరుతూనే ఉంటుంది, కాబట్టి అసలు బండిలో అంకెలు ఇంత కచ్చితంగా ఉండవు. అయినా ఫుల్ ట్యాంకు కొట్టించిన తరువాత తొలి కిలోమీటర్లలోనే బండి మొరాయించి, సగం ట్యాంకుతో సాఫీగా పోతుంటే, అనుమానం ముందుగా గాలి దారి మీదికే పోవాలి. వంగడం కూడా తక్కువేమీ కాదు. పీడనం 5 కిలోపాస్కల్ తగ్గితే, 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకు గోడ మీద సుమారు 120 కిలోల బరువు మోపినట్టే. రేకు ట్యాంకు మూత తీయగానే ‘డబ్’మని మోగడానికి కారణం ఆ గోడ తిరిగి యథాస్థితికి రావడమే.

బండి ఆగగానే చేయవలసిన మొదటి పరీక్ష మూత దగ్గరే ఉంది. ‘అన్నా, మూత తీయంగనే సుయ్యిమన్నది’ అని డ్రైవర్ చెబితే అక్కడితో తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే ఎండకు ట్యాంకు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి బయటికి వచ్చినా అదే చప్పుడు వస్తుంది. మూతను కొద్దికొద్దిగా వదులు చేస్తూ దాని అంచు దగ్గర పలుచని పాలిథిన్ ముక్కను పట్టుకుంటే, అది మూత వైపు అతుక్కుంటే గాలి లోపలికి పోతున్నట్టు, బయటికి ఎగిరితే లోపలి గాలి వస్తున్నట్టు. మనకు కావలసిన ఆధారం మొదటిదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ట్యాంకులో డీజిల్ లాగే పైపు కొసన ఉండే జాలీకి చెత్త అతుక్కున్నా బండి ఇలాగే ఆగుతుంది, ఇంజన్ ఆగగానే చెత్త కిందికి జారి కాసేపటికి తిరిగి స్టార్ట్ అవుతుంది. అందుకే ఒకసారి మూత ముట్టుకోకుండా, మరోసారి బండి ఆగిన వెంటనే మూత తీసి చూడాలి. మూత తీసిన మరుక్షణమే ఇంజన్ పుంజుకుంటే గాలి దారి, మూత తీసినా తీయకపోయినా ఒకే తీరుగా ఉంటే జాలీ లేదా పైపు. షెడ్డులో పైపులో గుంజుడును కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉంటే, ఫిల్టర్‌కు ముందు మూడు దారుల టీ జాయింట్‌తో దాన్ని పెట్టి బండిని లోడుతో నడిపితే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మూత తీయగానే ముల్లు బాగా పడిపోతే గాలి దారిదే లోపం, కదలకపోతే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో అడ్డు ఉంది.

ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి 0087 కోడ్ కనిపించవచ్చు. ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టమైన రెయిల్‌లో పీడనం తక్కువగా ఉందనే అది చెబుతుంది, ఎందుకు తక్కువైందో చెప్పదు. ఆ కోడ్ ఒక్కటే చూసి హై ప్రెజర్ పంపు విప్పడం నాకు సమ్మతం కాదు. డీజిల్ లైనులో బుడగలు కనిపించినా అంతే. ట్యాంకులో గాలి చాలనప్పుడు పంపు గుంజుడుకు పాత క్లిప్పుల సందుల నుంచి కూడా గాలి దూరుతుంది కాబట్టి, క్లిప్పులు మార్చినంత మాత్రాన మూలం పోదు.

బంకులో నాజిల్ మాటిమాటికి టక్కుమని ఆగిపోవడాన్ని కూడా కొందరు దీనికే ముడిపెడతారు. చాలా బండ్లలో డీజిల్ పోసేటప్పుడు గాలి బయటికి రావడానికి పోసే గొట్టం వెంట వేరే పైపు ఉంటుంది, అది నొక్కుకుపోతే నురుగు పైకి తన్ని నాజిల్ ఆగుతుంది. నడిచేటప్పుడు గాలి పీల్చే దారి వేరైన బండిలో ఒకటి బాగుందని రెండోది బాగున్నట్టు కాదు.

మా వైపు ఈ దారి మూసుకోవడానికి కారణాలకు కొదవ లేదు. మిర్యాలగూడ మిల్లుల ఊక దుమ్ము, సిమెంటు లోడుల పొడి, మహబూబ్‌నగర్ చెల్క నేలల ఎర్రమట్టి డీజిల్ తడికి అంటుకుని గట్టిపడతాయి. నెలల తరబడి నిలిపిన బండిలో కందిరీగ మట్టిగూడు పెట్టడం కూడా చూశాను. తొట్టి కట్టించినప్పుడు కొత్త క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) కింద పైపు నలిగిపోవడం, ఛాసిస్‌కు రంగు కొట్టేటప్పుడు చిల్లు పూడిపోవడం, పోయిన మూత స్థానంలో వాల్వు లేని డూప్లికేట్ మూత బిగించడం మనుషులు చేసేవి. మూతలోనే గాలి దారి ఉండవలసిన బండికి అలాంటి మూత పెడితే, అన్నీ కొత్తవి వేసినా జబ్బు నయం కాదు.

శుభ్రం చేయడానికి బ్రీదర్ పైపును రెండు వైపులా విప్పి, ట్యాంకు వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిని పైపు విప్పకుండా నేరుగా ట్యాంకులోకి వదలడం మాత్రం ప్రమాదం, ఆ ఒత్తిడికి ట్యాంకు పగలవచ్చు. డీజిల్ అంటుకోదులే అనే ధీమా కూడా మన ఎండల్లో పనికిరాదు. భారతీయ ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు, నల్లగొండలో మే నెల మధ్యాహ్నం అంతకన్నా వేడిగా ఉంటుంది.

మూతకు మేకుతో చిల్లు పొడవడం రోడ్డు పక్క వైద్యాల్లో బాగా ప్రసిద్ధం. బండి ఆ పూట ఇల్లు చేరుతుంది, నిజమే, కానీ ఆ చిల్లులోంచి వాననీరు, దుమ్ము లోపలికి పోతాయి, ఘాట్‌లో ఫుల్ ట్యాంకు ఉంటే డీజిల్ బయటికి చిందుతుంది, నీరు చేరిన డీజిల్ ఇంజెక్టర్లను తినేస్తుంది. ఆ బండికి సరిపోయే వాల్వు మూత కొనడం, బ్రీదర్ కొసను ఇరుసుకన్నా ఎత్తులో, మట్టి తగలని చోట కట్టడం తక్కువ ఖర్చు. పని ముగిశాక ఖాళీ బండితో చూసి సరే అనుకోకుండా, ట్యాంకు నింపి, లోడు వేసి, హైవే మీద నిలకడగా నడిపి, ఆపిన వెంటనే మూత దగ్గర పాలిథిన్ ముక్క పట్టి మరోసారి చూడాలి.