కెమెరా కన్నా ముందు ప్రశ్నపత్రం చూడండి

నేను ఫిజిక్స్ చెబుతాను. క్లాసులూ ఆన్‌లైన్‌లోనే, పరీక్షలూ ఆన్‌లైన్‌లోనే. పిల్లలు కాపీ కొట్టకుండా ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని తోటి టీచర్లు అడుగుతూ ఉంటారు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీ ప్రశ్నపత్రం చూపించండి అంటాను. చాలామందికి ఈ జవాబు నచ్చదు. అయినా అదే చెబుతాను, ఎందుకంటే ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలో కాపీకి దారి తెరిచేది ఎక్కువగా ప్రశ్నే.

ఒక ప్రశ్న తీసుకుందాం. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, ఎంత ఎత్తుకు వెళ్తుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే జవాబు 20 మీటర్లు. ఇది అందరికీ ఒకేలా ఇస్తే, మొదట చేసినవాడు వాట్సాప్ గ్రూపులో "నాలుగోది బి" అని పెడతాడు, అయిపోయింది. ఆన్‌లైన్ క్లాసులకూ పరీక్షలకూ వాడే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి కొంత విరుగుడు ఉంది. ప్రశ్నల బ్యాంకు నుంచి ఒక్కొక్కరికి వేరే ప్రశ్న వచ్చేలా పెట్టవచ్చు, ఆప్షన్ల వరుస మార్చవచ్చు, ఒకే లెక్కలో అంకెలు మనిషి మనిషికీ మారేలా చేయవచ్చు. ఇవన్నీ నేను వాడతాను. కానీ అంకెలు మారితే సరిపోదు. "వేగాన్ని వర్గం చేసి 20తో భాగించు" అన్న ఒక్క మెసేజ్ గ్రూపులో పడితే చాలు, అందరి జవాబులూ అందరికీ వచ్చేస్తాయి.

అందుకే నేను అదే పాఠాన్ని ఇంకోలా అడుగుతాను. ఒక విద్యార్థి చేసినట్టుగా లెక్క మొత్తం నేనే రాసి ఇస్తాను. మధ్యలో ఒక వాక్యం ఉంటుంది: "పై చివర బంతి క్షణం పాటు ఆగుతుంది, కాబట్టి అక్కడ త్వరణం కూడా సున్నా." తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. ఆ తర్వాత, నిజంగానే అక్కడి నుంచి త్వరణం సున్నాగా ఉండిపోతే బంతి ఏమవుతుందో సొంత మాటల్లో రాయాలి. బంతి గాల్లోనే నిలిచిపోవాలి కదా! ఈ మాట ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. తప్పు రాసినవాళ్లు కూడా ఎక్కడ తడబడ్డారో నాకు తెలుస్తుంది. పుస్తకం తెరుచుకోవచ్చని ముందే చెబుతాను. కాపలా కాయలేని నిషేధం పెడితే, దాన్ని పాటించే పిల్లలే నష్టపోతారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇలాంటి ప్రశ్నకూ యంత్రం చక్కగా జవాబు రాస్తోంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. దాన్ని పట్టుకునే డిటెక్టర్లు ఉన్నాయి కదా అంటారు. వాటిని నమ్మి ఒక పిల్లవాడి మార్కులు తీసేయడానికి నాకు చేతులు రావు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్‌ను విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని అవి పొరబడ్డాయట! చిన్న చిన్న వాక్యాల్లో, తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా రాసుకునే పిల్లల మీదే దెబ్బ పడుతుందన్నమాట.

కెమెరాతో కాపలా కాసే ప్రొక్టరింగ్ మీదా నాకు అంత నమ్మకం లేదు. కళ్లు స్క్రీన్ దాటితే అనుమానం కింద గుర్తు పెట్టే రకాలు ఉన్నాయి. ఫిజిక్స్ లెక్క చేసేవాళ్లు కళ్లు దించకుండా ఎలా చేస్తారు? రఫ్ పేపరు ఒళ్లోనో బల్ల మీదో ఉంటుంది. నా క్లాసులో అందరికన్నా శ్రద్ధగా బొమ్మ గీసుకుని చేసే అమ్మాయికే ఎక్కువ గుర్తులు పడ్డాయి. ఆ టెన్షన్ ఆ అమ్మాయిని తర్వాతి పరీక్షల్లోనూ వదల్లేదు. ఇక పరీక్షకు ముందు గదంతా కెమెరాతో తిప్పి చూపించమనడం ఒకటి. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం విద్యార్థి ఇంట్లో అలా చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో అమెరికాలోని ఒహాయోలో ఒక ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. కోర్టు దాకా వెళ్లకపోయినా, అన్నదమ్ములతో ఒకే గది పంచుకునే పిల్లలు ఆ క్షణంలో ఎంత ఇబ్బంది పడతారో ఆలోచించాలి.

స్క్రీన్‌ను లాక్ చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం కొన్నిచోట్ల పనికొస్తుంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఉచితం, మూడిల్‌తో బాగా కలుస్తుంది. పరీక్ష అయ్యేదాకా ఇంకో ప్రోగ్రాము తెరవనివ్వదు. ల్యాబ్‌లో ఇన్విజిలేటర్ ఉంటే ఇది చక్కటి ఏర్పాటు. ఇంట్లో మాత్రం కంప్యూటర్ లాక్ అవుతుంది, పక్కనున్న ఫోన్ కాదు.

టైము బాగా తగ్గిస్తే వెతుక్కునే తీరిక ఉండదని కొందరి వాదన. నేను ఒప్పుకోను. తగ్గించిన టైములో ముందు ఓడిపోయేది నెమ్మదిగా టైప్ చేసేవాళ్లు, నెట్ సరిగా లేనివాళ్లు. వెనక్కి వెళ్లి జవాబు సరిచూసుకోనివ్వని సెట్టింగ్ కూడా నేను పెట్టను. సరిచూసుకోవడం మేం నేర్పే పద్ధతే కదా. ఒక్కటి మాత్రం తప్పకుండా చేస్తాను: చివరి విద్యార్థి ముగించేదాకా సరైన జవాబులు ఎవరికీ కనిపించవు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది పరీక్ష తర్వాత ఐదు నిమిషాల వైవా, అంటే నోటితో అడిగే పరీక్ష. వీడియో కాల్‌లో విద్యార్థి జవాబునే స్క్రీన్ మీద పెట్టి, చిన్న మార్పు చేసి అడుగుతాను. "ఇదే బంతిని మేడ అంచు నుంచి విసిరితే నీ లెక్కలో ఏ వరుస మారుతుంది?" సొంతంగా రాసినవాళ్లు తడబడుతూనైనా మొదలుపెడతారు, వరుస మీద వేలు పెట్టి చూపిస్తారు. రాయించుకున్నవాళ్లకు మొదలే దొరకదు. చిన్న క్లాసైతే అందరినీ పిలుస్తాను, పెద్ద క్లాసైతే లాటరీ తీస్తాను. లాటరీ ఎందుకంటే, అనుమానం వచ్చినవాళ్లనే పిలిస్తే పిలుపే శిక్ష అయిపోతుంది. ఎవరి పేరైనా రావచ్చని పరీక్షకు ముందే అందరికీ తెలుసు కాబట్టి చాలామంది తమకు అర్థమైనదే రాస్తున్నారు. నాకు కావలసిందీ అదే.

ఇద్దరి జవాబులూ ఒకేలా సరిగ్గా ఉంటే నేను పట్టించుకోను. ఒకే వింత తప్పు ఇద్దరిలోనూ ఉంటే మాత్రం ఆగి చూస్తాను. అప్పుడు కూడా ముందు విడివిడిగా మాట్లాడతాను. కాపీ అన్న మాట తేకుండా, "ఈ వరుస ఎలా వచ్చిందో చెప్పు" అంటాను. అక్కడే నిజం చెప్పేసేవాళ్లు ఎంతోమంది. రాత్రంతా చదివినా అర్థం కాలేదనో, ఫెయిలైతే ఇంట్లో ఏమంటారోననో చెబుతారు. పెద్ద పరీక్ష ఒక్కటే అన్నీ తేల్చేస్తుందంటే భయం అంతే ఉంటుంది. అందుకే మార్కులను వారం వారం పెట్టే చిన్న క్విజ్‌లకు పంచేశాను. వాటితో ఇంకో మేలుంది. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకుని రాస్తే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రయోగం చేసి చూపించారు.

వైవాలో చెప్పలేకపోయిన విద్యార్థికి ఆ ప్రశ్నకు మార్కులు ఉండవు. వారంలోపు అదే పాఠం మీద వేరే ప్రశ్న ఇస్తాను. రాసి, నాకు వివరించి, సగం మార్కులు తెచ్చుకోవచ్చు. ఈ నియమం పరీక్ష లింకు పంపేటప్పుడే దాని కింద రాసి ఉంటుంది.