ఇదీ డోలోయే

"ఇది వేరే మందు కదమ్మా, ఇందాక వేసుకున్నది డోలో" అంటూ అమ్మ రెండు టైలెనాల్ మాత్రలు నోట్లో వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

హైదరాబాదు నుంచి ఆమె వెంట తెచ్చుకున్న డోలో 650 అట్టను, ఇక్కడ డాలస్‌లో మేము కొన్న సీసాను పక్కపక్కన పెట్టి చూపించాను. అట్ట వెనుక ఆవగింజంత అక్షరాల్లో పారాసిటమాల్ అని, సీసా మీద ఎసిటమినోఫెన్ అని ఉంది. పారా ఎసిటైల్ అమైనో ఫినాల్ అనే ఒకే రసాయనం పేరును మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ ఒక విధంగా, అమెరికాలో మరొక విధంగా కుదించి పిలవడం వల్లనే ఈ తేడా వచ్చింది.

650 మీద రెండు 500 టైలెనాల్ మాత్రలు పడి ఉంటే, గంటలోపే 1650 మిల్లీగ్రాములు అయ్యేవి. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4000 మిల్లీగ్రాములే హద్దు, అది దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. రాత్రిపూట జలుబుకు వాడే నైక్విల్‌లో కూడా ఇదే మందు ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడగానే ఉంది.

ఇందాకే సీసా మూత మీద తెల్లకాగితం అంటించి, "ఇదీ డోలోయే" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టాను.